ఒకటో ప్రతివాది

నా కూతురు నా మీద కేసు వేసింది. వెయ్యమని చెప్పింది నేనే.

సికింద్రాబాద్ కోర్టులో దాఖలైన ఆ కాగితాల్లో పిటిషనరు కోరాడ భానుప్రియ. అంటే నా కూతురు. ఒకటో ప్రతివాది కోరాడ ఎల్లాజీ. అంటే నేను. రెండో ప్రతివాది ఇన్సూరెన్సు కంపెనీ. నా భార్య రాజులమ్మ పేరు కూడా అందులో చాలాసార్లు వస్తుంది గాని, ఆవిడ ఏ పక్షమూ కాదు. ఆవిడ పేరుకి ముందు మృతురాలు అని రాశారు.

రెండు వేల మూడు ఆగస్టులో, ఒక శుక్రవారం, మా వర్క్‌షాపులో నాతో పనిచేసే సామ్యూల్ బొల్లారంలో ఇల్లు కట్టుకుని ప్రార్థన పెట్టించాడు. నేనూ రాజులమ్మా స్కూటరు మీద వెళ్లాం. భోజనాలు ఆలస్యమయ్యాయి. ఆ రోజు నాకు రెండింటికి డ్యూటీ. తిరిగి వస్తూంటే తిరుమలగిరి దగ్గర, రోడ్డు పక్కన తవ్వి వదిలేసిన గోతి అంచులోకి ముందు చక్రం జారింది. ఆ రోజుల్లో ఊరంతా తవ్వకాలే. ఇంటర్నెట్టు కేబుళ్లట. పొద్దున్న వెళ్లిన రోడ్డు సాయంత్రానికి ఉండేది కాదు. నాకు భుజం ఎముక విరిగింది. రాజులమ్మ తల నేలకి తగిలింది.

ఎవరో పుణ్యాత్ములు ఇద్దరినీ దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించారు. రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే ఖర్చు ఉండేది కాదు గాని, రోడ్డు మీద పడున్న మనిషిని నీది ఏ ఆసుపత్రి అని ఎవడు అడుగుతాడు. నన్ను కింద వార్డులో, ఆవిడని పైన ఐసీయూలో పెట్టారు. మూడో రోజుకి నేను లేచి నడిచాను. ఆవిడ నాలుగో రోజు పోయింది. చివరి రోజుల్లో పక్కన ఉన్నది భాను ఒక్కతే. బేగంపేటలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి అప్పటికి ఎనిమిది నెలలైంది దానికి. ఆసుపత్రి బిల్లు కోసం బ్యాంకులో అప్పు తీసుకున్నదీ అదే.

కోర్టు ఎదురుగా జెరాక్సు కొట్టు మేడ మీద కిషన్ అనే వకీలు ఉంటాడు. తుకారాం తీసుకెళ్లాడు మమ్మల్ని. తుకారాం మా సెక్షనులోనే ఫిట్టరు, లాలాగూడలో పక్క క్వార్టరు. కిషన్ నా పాలసీ కాగితాలు తిరగేసి, వెనక కూర్చునే మనిషి కోసం నేను అదనంగా ప్రీమియం కట్టి ఉండడం చూసి సంతోషపడ్డాడు.

"మంచి పని చేసిండ్రు సార్. ఇగ సూడుండ్రి, లెక్క గిట్ల ఉంటది. పాలసీ మీది, కంపెనీ వాళ్లది. మీ ఇద్దరిది ఒక్క జట్టు. మీరు ఎవలికన్న నష్టం చేస్తే మీ బదులు కంపెనీ కట్టాలె. నష్టపోయింది ఎవలు? మీ బిడ్డ. తల్లి పోయింది గదా. అందుకని బిడ్డ పిటిషనరు. మీరు, కంపెనీ ప్రతివాదులు."

"నా భార్య కూడా పోయింది కదండీ," అన్నాను.

"పోయింది సార్. గని బండి నడిపింది మీరు. నడిపినోళ్లు అడిగెటందుకు లేదు. ఇంకోటి. తప్పు ఎవలిదన్న ఉండాలె. తప్పు లేకుంటే పైసలు లేవు."

"గొయ్యి తవ్వినోడిది తప్పు."

"వాడెవడు? బోర్డు లేదు, పేరు లేదు. వారం దినాలకు పూడ్చి పోయిండు. ఏడ దొర్కవట్టాలె వాణ్ని?" అని కిషన్ నవ్వాడు. "మీ తప్పని రాస్తం. మీకు నోటీసు వస్తది. తీస్కోండ్రి, బీర్వల పెట్టుండ్రి. కోర్టుకు మాత్రం రాకుండ్రి. బండి ఓనర్లు అందరు గట్లనే చేస్తరు. మీరు రాలేదని జడ్జి సాబ్ రాసుకుంటడు, గంతే. మీకేం తక్లీఫ్ ఉండది."

మెట్లు దిగుతూ భాను నా చెయ్యి పట్టుకుంది. "కాగితం మీదే నాన్నా. నువ్వేటీ అనుకోకు," అంది.

సరేనన్నాను. కాని ఆ మాట నాకు చాలలేదు. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి నాకు కావలసింది ఒక్కటే. తప్పు నీది కాదు నాన్నా అని నా కూతురు ఒక్కసారి అనాలి. తల్లి పోయిన రోజు అనలేదు. పెద్దకర్మ నాడు అనలేదు. కాగితం మీదే అంటోంది గాని, తప్పు నీది కాదు అనడం లేదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. రోజూ దాని చేతి అన్నం తింటూ ఆ మాట కోసం చూసేవాణ్ణి. దానికి తెలిసేది కాదు, లేదా తెలిసే ఊరుకునేదో.

నోటీసు వచ్చింది. కిషన్ చెప్పినట్టు బీరువాలో పెట్టెయ్యాల్సింది. నేను చదివాను. మితిమీరిన వేగంతో, అజాగ్రత్తగా, వెనక కూర్చున్న మనిషి ప్రాణాలను లెక్కచేయకుండా నడిపి మృతికి కారకుడయ్యాడు అని ఉంది. కింద నా కూతురి సంతకం. పదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం తనే పెట్టేసి నాకు దొరికిపోయిన చెయ్యి అది. ఆ చేతి సంతకాన్ని నేను గుర్తుపట్టకుండా ఉండలేను.

మీకు రైల్వే సంగతి తెలిస్తే నా సంగతి తెలుస్తుంది. మా దగ్గర మెమో ఇచ్చారంటే పది రోజుల్లో సంజాయిషీ రాసి ఇవ్వాలి. ఇవ్వకపోతే తప్పు ఒప్పుకున్నట్టే. ఇరవయ్యెనిమిదేళ్ల సర్వీసులో నాకు మెమో రాలేదు. గేటు దగ్గర ఒక్కనాడూ నా టోకెను వెనక్కి పోలేదు. సైరను ఆగేసరికి బోర్డు మీద మన నంబరు బిళ్ల వేలాడుతూ ఉండాలి, లేకపోతే ఆ పూట జీతం పోయినట్టే. నాది ఎప్పుడూ వేలాడుతూనే ఉంది. అలాంటివాడికి మెమో వస్తే ఊరుకోవడం చేతకాదు.

భాను ఆఫీసుకి వెళ్లాక గీతల కాగితాలు తీసుకుని మూడు పేజీలు రాశాను. గొయ్యి పొడవెంత, లోతెంత, రోడ్డుకి ఎంత దూరం. ఎర్రగుడ్డ కట్టలేదు, రాళ్లు పెట్టలేదు. చినుకులు పడుతున్నాయి. నేను మామూలు వేగంతో, పూర్తి జాగ్రత్తతో వస్తున్నాను. కావున నా వలన ఏ పొరపాటూ జరగలేదని మనవి. నాలుగో కాగితం మీద స్కేలు పెట్టి పటం గీశాను. గీస్తూంటే ప్రాణం కుదుటపడింది. చివర్న అలవాటు కొద్దీ, మా ఆఫీసు ఉత్తరాల్లో రాసినట్టే, నకలు సంబంధిత పార్టీలందరికీ అని రాశాను. రాశాక పంపాలి కదా. ఒకటి కోర్టుకి, ఒకటి ఇన్సూరెన్సు కంపెనీకి రిజిస్టరు పోస్టులో పంపించాను. భానుకీ ఒకటి పంపాలి నిజానికి. ఒకే ఇంట్లో ఉన్నాం కదా, తర్వాత చూపిద్దాంలే అనుకున్నాను. చూపించలేదు.

తుకారాంకి మాత్రం చెప్పాను. వాడు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎల్లన్నా, గిదేం పని? కంపెనీతోని కొట్లాడెటోడివి కంపెనీకే ఆయుధం ఇచ్చినవ్. తప్పు నీది కాదంటే బిడ్డ కేసు ఏడ నిలవడ్తది?"

"నిజం రాసేను. దాన్లో తప్పేటుంది?"

"నిజం ఎవలు అడిగిండ్రే నిన్ను?" అన్నాడు తుకారాం. "ఊకె ఇంట్ల కూసోమన్నరు. గది సుత చేతకాలె నీకు."

పదిహేను రోజులకి కంపెనీ తరఫు వకీలు కబురు చేసింది. స్వర్ణలత అని, నలభై ఏళ్లుంటాయి. బేగంపేటలో ఆవిడ ఆఫీసు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, భుజం నొప్పి తగ్గిందా అని అడిగి, నా మూడు పేజీలూ ముందు పెట్టుకుంది. పటం చూసి, ఇంజనీర్లు కూడా ఇంత బాగా వెయ్యరు సార్ అంది.

"ఎల్లాజీ గారూ, ఇది చదివాక నాకు ఒకటి అర్థమైంది. మీరు చాలా కేర్‌ఫుల్ మనిషి. ఇందులో మీ తప్పు ఏమీ లేదు."

ప్రమాదం జరిగిన ఏడాదిన్నరకి ఆ మాట విన్నాను. మొట్టమొదట అన్నది ఈవిడ. నాకు కళ్లంట నీళ్లు వచ్చాయి. నా తప్పు లేకపోతే కంపెనీ ఒక్క పైసా కట్టక్కర్లేదని, అందుకే ఆవిడ అలా అంటోందని నాకు తెలియకపోలేదు. తెలిసీ సంతోషించాను. ఆవిడ ఇచ్చిన టీ తాగాను. కోర్టులో ఇదే చెప్పండి సార్ అంటే, చెబుతానన్నాను. సిగ్గులేని పని అది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ వారమే కిషన్ భానుకి ఫోను చేసి చెప్పేశాడు. ఆఫీసు నుంచి వచ్చి బ్యాగు భుజాన ఉండగానే అడిగింది.

"ఏటి రాసేవు నాన్నా?"

"నోటీసుకి జవాబు. ఇయ్యకపోతే ఒప్పుకున్నట్టే కదే."

"ఒప్పుకుంటే ఏటవుద్ది?"

ఏమవుతుంది నిజానికి. ఉద్యోగం పోదు, జైలు లేదు. కాగితం మీద ఒక్క వాక్యం.

"నేను రాసిందాంట్లో అబద్ధం ఉందా? చెప్పు. తప్పు నాదా?" అన్నాను. గట్టిగానే అన్నాను. అడగకూడదని ఏడాదిన్నరగా బిగబట్టుకున్నది అది.

భాను నా వంక చూసింది. బ్యాగు మేకుకి తగిలించి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి కంచం తెచ్చి పెట్టింది. కూరలో ఉప్పు లేదు. ఇద్దరం అలాగే తిన్నాం.

తర్వాత మూడు నాలుగు వాయిదాలు గడిచాయి. భాను వాంగ్మూలం రోజు ఇద్దరం ఒకే బస్సులో కోర్టుకి వెళ్లాం. లోపలికి వెళ్లాక అది కిషన్ వైపు కూర్చుంది. నేను ఎటు కూర్చోవాలో తెలియక గోడవార నిలబడ్డాను. స్వర్ణలత పిలిచి తన వెనక కుర్చీ చూపించింది. ఒకటో ప్రతివాది, రెండో ప్రతివాది ఒక వైపే కదా.

కిషన్ అడిగినవన్నీ భాను పాఠం అప్పచెప్పినట్టు చెప్పింది. తర్వాత స్వర్ణలత లేచింది. మెత్తగానే అడిగింది.

"మీ నాన్నగారు ఎన్నేళ్లుగా బండి నడుపుతున్నారమ్మా?"

"ఇరవై ఏళ్ల పైనే."

"ఎప్పుడైనా యాక్సిడెంట్ చేశారా?"

"లేదు."

"మిమ్మల్ని స్కూలుకి, కాలేజీకి ఆ స్కూటరు మీదే దింపేవారు కదా. భయం వేసేదా?"

"లేదండీ."

"అక్కడ గొయ్యి ఉందని, ఏ గుర్తూ పెట్టలేదని మీ నాన్నగారే రాసిచ్చారు. ఇదిగో ఆయన చేతిరాత. మీరు ఆ రోజు అక్కడ లేరు. మీ నాన్న తప్పు చేశారని మీరు మనసులో అనుకోవడం లేదు. డబ్బు కోసం వకీలు రాయమన్నట్టు రాశారు. అంతేనా?"

నేను కుర్చీ అంచున కూర్చున్నాను. అవును, మా నాన్న తప్పు లేదు అని అంటే చాలు. కేసు పోతే పోనీ. నా పీఎఫ్ తీసి దాని అప్పు నేనే కడతాను. నా మనసులో ఉన్నది అదే, దాచడం ఎందుకు. భాను నా వైపు చూడలేదు. బోను చెక్క కమ్మీ మీద చేతులు పెట్టి అలాగే నిలబడింది.

"జవాబు చెప్పమ్మా," అన్నారు జడ్జిగారు.

"అనుకుంటన్నాను," అంది భాను.

"ఏమని?"

"తప్పు నాన్నదేనని."

"దేన్నిబట్టి అనుకుంటున్నారు?" అంది స్వర్ణలత. ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సిందని ఆవిడకి వెంటనే తెలిసినట్టుంది. కాగితం మీద పెన్ను ఆగిపోయింది.

"అమ్మ చెప్పింది. ఐసీయూలో, రెండోరోజు. రెండింటికి డ్యూటీ ఉందని నాన్న బాగా స్పీడుగా వచ్చేడంట. అమ్మకి భయమేసి చెప్పిందంట." భాను జడ్జిగారి వైపు తిరిగింది. "నీ టోకెను కోసం నన్ను సంపీసేలాగున్నావు బావా అందంట. గాలికి నాన్నకి వినపడలేదంట. మళ్లీ చెప్పేలోపే పడిపోయేమంది. ఈ మాట నాన్నకి చెప్పొద్దంది. చెప్తే మనిషి మిగలడంది."

జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో చెబుతూంటే టైపిస్టు కొట్టింది. ఇంగ్లీషులో బావా అన్న మాట లేదు.

వకీలు నేర్పిన మాట కాదది. ఎవరూ నేర్పలేరు. నేను రాజులమ్మకి సొంత మేనత్త కొడుకుని. పెళ్లయి ఇరవయ్యారేళ్లయినా బావా అనే పిలిచేది. ఆ మాటలు స్కూటరు మీద అన్నప్పుడు విన్నది ఇద్దరమే. అన్న మనిషి, ముందు కూర్చున్న మనిషి. నా మూడు పేజీల్లో ఆ మాట లేదు. గొయ్యి అంగుళాలతో సహా ఉంది గాని, అది లేదు.

మూడు వారాల తర్వాత నా వాయిదా. ఆ మూడు వారాలూ ఇంట్లో మాటల్లేవని కాదు. భాను మామూలుకంటే ఎక్కువే మాట్లాడింది. మందులు వేసుకున్నావా, గొడుగు పట్టుకెళ్లు, బీరకాయ తెమ్మంటావా. నన్ను గాయపరిచానని దాని బెంగ. ఒకసారి వంటింటి గుమ్మంలో నిలబడి, "నీకు తెలీదు కదా నాన్నా, వినపడలేదు కదా. వినపడుంటే ఆపేసేవాడివే," అంది. నేను తల ఊపాను. ఆ ఊపడం నేను చేసిన రెండో తప్పు. లేదా మూడోదో, నాలుగోదో.

బోనులోకి కంపెనీ తరఫు సాక్షిగా ఎక్కాను. ప్రమాణం చేయించారు. స్వర్ణలత నా కాగితాలు చూపించి ఇవి మీరు రాసినవేనా అంది. నేనే రాశానన్నాను. తర్వాత ఆవిడ దగ్గరికొచ్చి, నాకు మేలు చేస్తున్న మనిషిలా అడిగింది.

"ఆ రోజు మీ భార్యగారు ఏదో అన్నట్టు మీ అమ్మాయి చెప్పారు. గాలి, వాన, ట్రాఫిక్. మీకైతే ఏమీ వినపడలేదు కదా సార్?"

లేదంటే సరిపోయేది. భాను కూడా లేదనే అంటానని కూర్చుంది. లేదంటే ఆ ఇంట్లో మళ్లీ ఇద్దరం ఎప్పటిలా అన్నం తింటాం. రాజులమ్మ కూడా అదే అనుకుని పోయింది. ముగ్గురికీ సరిపోయే అబద్ధం అది. కాని కేసు పోతుంది. ఆ అప్పు నా కూతురు ఇంకా నాలుగేళ్లు కట్టాలి. అదీ కాదు అసలు కారణం. చనిపోయిన మనిషి నోట్లోంచి చివరగా నాతో వచ్చిన మాట అది. వినలేదని కోర్టులో చెబితే ఆవిడ అనలేదని చెప్పినట్టే అవుతుందనిపించింది నాకు.

"వినపడిందండీ," అన్నాను.

స్వర్ణలత తల ఎత్తింది. "సార్, ఆలోచించుకుని చెప్పండి."

"బాగా వినపడింది. నా చెవి దగ్గరే అంది. నేను నవ్వేను. ఇంకా పది నిమిషాలుంది, నిన్ను ఇంటికాడ దింపి మరీ టోకెను ఏస్తాను చూడు అని ఇంకాస్త స్పీడు పెంచేను. గొయ్యి కూడా కనపడింది. పక్కనించి పోవచ్చనుకున్నాను. తప్పు నాదేనండి."

టైపు మిషను చాలాసేపు కొట్టుకుంది. స్వర్ణలత ఈ సాక్షి మాకు ఎదురుతిరిగాడని జడ్జిగారికి చెప్పింది. నా వైపు మళ్లీ చూడలేదు. ఆవిడకి నా మీద కోపం రావడం న్యాయమే.

బయట వరండాలో కిషన్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "జబర్దస్త్ చెప్పిండ్రు సార్. ఇగ ఫికర్ లేదు, కేసు మనదే," అన్నాడు. తర్వాత తీర్పు కూడా అలాగే వచ్చింది. ఒకటో ప్రతివాది అజాగ్రత్త వల్లనే మరణం సంభవించిందని రుజువైంది, రెండో ప్రతివాది చెల్లించాలి అని. భాను బ్యాంకు అప్పు తీరింది. అది బేగంపేటలో లేడీస్ హాస్టల్లో చేరింది. నైట్ షిఫ్టులు పడ్డాయని చెప్పింది. అడపాదడపా ఆదివారాలు వస్తుంది.

ఆ రోజు వరండాలో మాత్రం కిషన్ వెళ్లిపోయేదాకా ఆగింది. చుట్టూ జనం, నల్లకోట్లు, జామకాయల బండి. భాను నా ఎదురుగా నిలబడి నా మొహంలోకి చూసింది.

"వినపడిందా నాన్నా?"

"వినపడిందమ్మా."

"మరి మూడు పేజీలు రాసేవు."

పొద్దున్న దాచమని నాకిచ్చిన దాని బస్సు పాస్ జేబులో తడుముకున్నాను.

"రెండేళ్లు ఆ మాట నేనొక్కదాన్నే మోసేను. నీకు తెలిస్తే ఏటైపోతావోనని రోజూ నీ మొహం చూసుకుంటా బతికేను. తప్పు నాదా అని నువ్వు నా మీద అరిసినప్పుడు కూడా నోరు మూసుకున్నాను." దాని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "అమ్మ నీకు వినపడలేదనుకునే పోయింది. అదొక్కటే నయం," అంది.

అని మెట్లు దిగి, నా కోసం ఆగకుండా బస్‌స్టాపు వైపు నడిచింది. దాని పాస్ నా జేబులోనే ఉండిపోయింది.